పది నిమిషాల వరస

ఆ ఇంట్లో ఫోను మాట్లాడడానికి ఒక వరస ఉంది. దాన్ని ఎవరూ కాగితం మీద రాయలేదు, గోడకు అంటించలేదు. అయినా రాతి మీద చెక్కినంత గట్టిగా అది అమలవుతోంది. పదిహేను రోజులకొక ఆదివారం, పగలు పదకొండు గంటలకు, సముద్రానికి అవతల ఉన్న జైలు నుంచి చిన్నకొడుకు ఫోను వస్తుంది. మోగేది పెద్దకొడుకు ఫోను. జైలువాళ్ళ పుస్తకంలో ఎక్కిన నంబరు అదొక్కటే. పది నిమిషాలు నిండగానే, మాట ఎక్కడ ఉందో చూడకుండా, కత్తెరతో దారం తెంపినట్టు తెగిపోతుంది.

ఆ ఆదివారం కూడా ఫోను ముందుగా అత్తగారి చేతికే వెళ్ళింది. కన్నతల్లి కనుక అది ఆవిడ హక్కు.

"నాన్నా, తిన్నావా?"

తిన్నానన్నాడు. ఒంట్లో బాగుందా అంటే బాగుందన్నాడు. ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని పెద్దకొడుక్కి ఇచ్చింది. బావగారు నిలబడి, గొంతు సవరించుకుని, వకీలుకు కాగితాలు పంపామనీ, వకీలు చూస్తానన్నాడనీ, ఆయన చూస్తానన్నాడంటే చూసినట్టేననీ విన్నవించాడు. తరువాత తోడికోడలు "ఏం మరిదీ, తిన్నావా?" అంది. తరువాత మేనత్త. వీధిలో ఆవిడకు 'మైకు' అని పేరు. "ఒరే చిన్నోడా, తింటున్నావా, మానేశావా? చిక్కిపోయి వచ్చావంటే గుమ్మం తొక్కనివ్వను." ఫోను లేకపోయినా ఆవిడ మాట జైలుదాకా వెళ్తుందని ఇంటల్లుడి హాస్యం. ఆ అల్లుడికి కూడా ఒక అర నిమిషం ఇవ్వాలి. ఇవ్వకపోతే మర్యాద కాదు. ఆయన పక్కనే ఆడబిడ్డ. ఒకనాడు అందరికీ కలిపి స్పీకరు పెట్టి చూశారు. అయిదుగురు ఒక్కసారే "తిన్నావా" అనేసరికి, ఎవరు ఎవరో అర్థం కాక అక్కడి అధికారి మూడో నిమిషంలోనే లైను కోసేశాడు. ఆ తరువాత మళ్ళీ వరసే శరణ్యమైంది.

చివరగా ఏడేళ్ళ చిన్నది ఫోను లాక్కుంది. "నాన్నా, నాకు ముందు పన్ను ఊడింది. ఆ సందులోంచి ఈల వస్తోంది, విను." ఈల వేసింది. రెండోసారి కూడా వేసింది.

చిన్నకోడలు, అతని భార్య, గుమ్మం దగ్గర నిలబడి ఉంది. పొద్దున్నే కడిగినా ఆమె గోళ్ళ సందుల్లో నర్సరీ మట్టి మిగిలే ఉంటుంది. చేతులు చీరకు తుడుచుకుని ఫోను అందుకుంది.

"ఏమండీ."

"ఆ."

"నేనండీ" అంది. అప్పటికే తెగిపోయింది.

"ఏమన్నాడే?" అంది అత్తగారు ఆశగా.

"'ఆ' అన్నారు."

"అన్నీ మేమే అడిగేశాంగా, నీకింక అడగడానికి ఏం మిగిలిందే అమ్మాయ్!" అంది మేనత్త. అందరూ నవ్వారు. కోడలు కూడా నవ్వింది. పదమూడు నెలల్లో ఇది ఇరవై ఎనిమిదో ఫోను. ఎప్పుడూ నవ్వినట్టే నవ్వి, అన్నం వార్చడానికి లోపలికి వెళ్ళింది.

ఆ ఇంట్లో చెడ్డవాళ్ళెవరూ లేరు. అన్యాయానికి చెడ్డవాళ్ళే అక్కర్లేదు, వరస చాలు.

*

పది రోజుల తరువాత, బుధవారం ఆమె నర్సరీలో, నీడ వల కింద, గులాబీలకు కళ్ళు అంటు కడుతోంది. మంచి జాతి కొమ్మలను తడి గోనెలో చుట్టి పక్కన పెట్టుకుంది. అడవి గులాబీ కాండం మీద అడ్డంగా ఒక గాటు, దాని మధ్య నుంచి కిందికి ఒక గాటు పెడుతుంది. కత్తి వెనక భాగంతో బెరడును రెండు వైపులా తలుపుల్లా తెరుస్తుంది. మంచి కొమ్మ నుంచి ఆకు తొడిమతో సహా చిగురు వేసే ఒక కన్నును పలచగా చెక్కి ఆ తలుపుల మధ్యకు జార్చి, కన్ను మూతపడకుండా పైనా కిందా ప్లాస్టిక్ పట్టీ చుడుతుంది. నాలుగు చుట్లు, ఒక ముడి. రోజుకు నూట ఇరవై. ఆమె కట్టినవాటిలో వందకు తొంభై పట్టుకుంటాయని యజమాని ఇతరుల దగ్గర గొప్పలు చెప్పుకుంటాడు. ఆమె దగ్గర మాత్రం ఆ పది ఎందుకు పోయాయని అడుగుతాడు.

"క్రేన్ ఆయన భార్య మీరేనామ్మా?"

తలెత్తింది. చంకలో రస్కుల పొట్లంతో గుండ్రటి మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. చొక్కా మీద మైదా మరకలు.

"నేను బజారు మలుపులో బేకరీలో పనిచేస్తానమ్మా. ఇప్పుడంటే ఇప్పుడే చేరాను. అంతకుముందు ఎనిమిది నెలలు మీ ఆయనా నేనూ ఒకే గదిలో ఉన్నాం. ఆయన పై మంచం, నేను కింది మంచం. నేను పైన పడుకుంటే ఇద్దరం కింద పడుకున్నట్టే అవుతుందని అలా ఏర్పాటు." పొట్లం బల్ల మీద పెట్టాడు. "నా పర్మిట్ గడువు దాటిందని పట్టుకున్నారు, పంపించేశారు. ఆయన సంగతి అలా కాదు కదా."

అలా కాదు. ఇనుప గొలుసు పాతదని కంపెనీకి తెలుసు. గొలుసు తెగి, కింద ఒక మనిషి కాలు నలిగింది. తనకు చదవడం రాని భాషలో ఉన్న కాగితం మీద క్రేన్ నడిపినవాడు సంతకం పెట్టాడు. గొలుసు కొన్నవాళ్ళు బయట ఉన్నారు.

ఆమె కత్తి మడిచి, పక్కనున్న బకెట్టు బోర్లించింది. "కూర్చో అన్నయ్యా. ఆయన ఎలా ఉన్నారు?"

బేకరీ మనిషి బకెట్టు మీద జాగ్రత్తగా కూర్చున్నాడు. అంతసేపూ గలగలమన్నవాడు కాసేపు రస్కుల పొట్లం దారాన్ని సరిచేశాడు.

"చెల్లెమ్మా, ఆయన ఫోను వచ్చిన ఆదివారం నుంచి మంగళవారం దాకా ముద్ద ముట్టడు."

ఆమె వింటూ కొమ్మల మీద తడి గోనె సరిచేసింది.

"ఫోను గది నుంచి వస్తాడు. గోడవైపు తిరిగి పడుకుంటాడు. మామూలు రోజుల్లో కూడా నిద్ర ఉండదనుకో. పై మంచం కిర్రుకిర్రుమంటూనే ఉంటుంది. కానీ ఫోనైన రోజు మరీ ఘోరం. ఒకరోజు అడిగేశాను. 'ఏమయ్యా, మాకు ఫోనొస్తే పండగలా ఉంటుంది, నీకేమిటి?' అని. ఆయన ఏమన్నాడో తెలుసా? 'ఏడుగురికి బాగున్నానని చెప్పాను. చెప్పి చెప్పి అలసిపోయాను' అన్నాడు."

"అక్కడ డాక్టరు లేడా?"

"ఉన్నాడు. మనసు డాక్టరు, వారానికోసారి వస్తాడు. తలుపు సందులోంచి బొటనవేలు పైకెత్తి 'ఓకే?' అంటాడు. మీ ఆయన కూడా వేలెత్తుతాడు. అయిపోయింది వైద్యం. మన భాష వచ్చిన మనిషిని ఫోన్లో తెప్పించి మాట్లాడించాలని రూలు ఉంది. గోడ మీద మూడు భాషల్లో రాసి ఉంది. ఆ మూడింట్లో మనది లేదు. నాలుగేళ్ళ నుంచి ఉన్న లాండ్రీ ఖైదీ ఒకడు చెబితే నాకు తెలిసింది. కానీ ఖైదీ తన నోటితో తనే అడగాలట. నేను వెళ్ళి చెప్పాను. 'నీకేం సంబంధం? అతను చెప్పాలి' అన్నారు. ఆయన్నేమో చెప్పమంటే చెప్పడు. అది పిచ్చివాళ్ళ డాక్టరు, ఇంటికి తెలిస్తే పరువు పోతుంది, నాకేం, బాగానే ఉన్నాను — ఇదే పాట."

"మరి ఇప్పుడు?"

"అన్నం మానడాన్ని వాళ్ళు మొండితనం అనుకుంటున్నారు చెల్లెమ్మా. ఈసారి ఫోను తర్వాత కూడా తినకపోతే ఒంటరి గదికి మారుస్తామని నేను వచ్చేముందు చెప్పారు. ఆ గదిలో రెండో మంచం లేదు. ఫోను కూడా లేదు."

నీళ్ళు పెట్టే గొట్టం నుంచి మట్టిలోకి చుక్కలు పడుతున్న చప్పుడు వినిపించింది. పదిహేను రోజుల లెక్కన వచ్చే ఫోను ఈ ఆదివారమే. అంటే నాలుగు రోజులు.

"ఇంకో సంగతి" అన్నాడు బేకరీ మనిషి, తేలికపడాలని చూస్తూ. "మీతో ఏం మాట్లాడాలో ఆయన రోజూ తయారు చేసుకునేవాడు. పై మంచం మీద గొణుక్కునేవాడు. పద్నాలుగు రోజులు తయారు చేసి, తీరా ఫోనొస్తే మీ వంతు రాదు. మళ్ళీ మొదలు. ఎనిమిది నెలలు విని విని నాకు కంఠతా వచ్చేసింది. చెప్పమంటారా?"

అతను అప్పుడే చేతులు కట్టుకుని, పద్యం అప్పజెప్పే బడి పిల్లవాడిలా నిటారుగా కూర్చున్నాడు.

ఆమె అతనివైపు ఒక అడుగు వేసింది. తరువాత తల అడ్డంగా ఊపింది.

"వద్దన్నయ్యా. అది నాది. ఆయన నోటితోనే వింటాను." కత్తి తెరిచి మళ్ళీ పని అందుకుంది. "నువ్వు నాకు వేరే పాఠం చెప్పు. నా భాష వచ్చిన డాక్టరు కావాలి అని వాళ్ళ భాషలో ఎలా అడగాలి?"

అది నాలుగు మాటలు. సాయంత్రం దాకా ఆమె ఒక్కో గులాబీకి ఒక్కో మాట చొప్పున అనుకుంది. పట్టీ నాలుగు చుట్లు తిరిగేసరికి వాక్యం పూర్తయ్యేది.

*

గురువారం వంటింట్లో అత్తగారు బియ్యం ఏరుతుంటే చెప్పింది. ఏదీ దాచలేదు, ఏదీ పెంచలేదు.

అత్తగారి వేళ్ళు చేటలో ఆగిపోయాయి. "అంటే... నేను తిన్నావా అని అడిగినందుకే వాడు తినడం లేదా?"

"అలా కాదత్తయ్యా."

"అలాగే ఉందమ్మా నువ్వు చెప్పింది. ఇంకేం అడగాలి నేను? ముప్పై నాలుగేళ్ళుగా అదొక్కటే అడిగాను వాణ్ణి."

ఆవిడ చేట పక్కకు నెట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది. బియ్యంలో రాళ్ళు అలాగే ఉండిపోయాయి. మధ్యాహ్నం అన్నంలో అందరి పళ్ళ కిందా పడ్డాయి.

శుక్రవారం సాయంకాలం బావగారు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టాడు. ఆయన పంపుల కొట్టులో గుమాస్తా. గీతలు గీయకుండా ఏ సమస్యనూ ముట్టుకోడు. చిన్నదాని నోటు పుస్తకంలోంచి ఒక పేజీ చింపి, స్కేలు పెట్టి గళ్ళు గీసి తెచ్చాడు.

"అమ్మకు ఒక నిమిషం. నాకు రెండు, వకీలు విషయం ఉంది కాబట్టి."

"వకీలు చూస్తానన్నాడని చెప్పడానికి రెండు నిమిషాలెందుకురా?" అంది మేనత్త. "ఆయన చూసేది కూడా అంతసేపు ఉండదు."

"అత్తా, కొంచెం మెల్లగా. వీధి చివర వాళ్ళు తలుపులు తీస్తున్నారు. నీకు ముప్పై సెకన్లు."

"నేను ఒరే అనేసరికే ముప్పై సెకన్లు అయిపోతాయి."

"మన అల్లుడుగారికి అర నిమిషం, చెల్లికి అర నిమిషం, మా ఆవిడకు అర, చిన్నదానికి ఒకటి. ఈలకు విడిగా ఇవ్వబడదు." పెన్సిల్‌తో కూడాడు. "మరదలికి నాలుగు నిమిషాలు. చూశావామ్మా, అందరికంటే నీకే ఎక్కువ."

ఆయన ముఖంలో నిజమైన సంతోషం ఉంది. ఆ కాగితం చూసి కోడలికి ఆయన మీద గౌరవమే కలిగింది. అయినా కొంగు సర్దుకుని, నిలబడి, పెళ్ళయి వచ్చిన తొమ్మిదేళ్ళలో ఆ ఇంట్లో ఎన్నడూ అనని మాట అంది.

"బావగారూ, నాకు పదీ కావాలి."

పెన్సిల్ ఆగింది. చిన్నది వేళ్ళు లెక్కపెట్టుకుంది, పది అంటే రెండు చేతులూ అని.

"పదీనా?"

"ఏడుగురు ఉన్నంతసేపూ ఆయన ఏడుసార్లు బాగున్నానంటారు. ఎనిమిదోసారి నిజం చెప్పడానికి ఆయనకు టైము కావాలండీ. మనసు బాగాలేదని ఆయనే చెప్పాలి, డాక్టరు కావాలని ఆయనే అడగాలి. నేను బతిమాలుకోవాలో, పోట్లాడాలో, ఊరికే వినాలో నాకే తెలీదు. నాలుగు నిమిషాల్లో అది అవుతుందని నేను చెప్పలేను."

మేనత్త కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వీధి చాలాసేపు ప్రశాంతంగా ఉంది. అందరూ అత్తగారివైపు చూశారు. ఆవిడ లేచి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయేమో చూడడానికి వెళ్ళింది. పొయ్యి వెలిగించనే లేదు.

శనివారం పని నుంచి వచ్చేసరికి వంటింట్లోంచి ఏదో గొణుగుడు వినిపించింది. కోడలు చెప్పులు విప్పి గుమ్మం పక్కన నిలబడింది. లోపల అత్తగారు బియ్యం కడుగుతూ, నీళ్ళు ఒంపినప్పుడల్లా ఒక మాట అంటోంది. ఆ నాలుగు మాటలే. మూడోది ముందుకొచ్చి, రెండోది ఎక్కడో పోయింది. మూడు రోజులుగా కోడలు పనిలో పనిగా అనుకుంటున్నది ఆవిడ చెవిన పడింది కాబోలు.

"రెండోది మర్చిపోయారత్తయ్యా" అంది కోడలు గుమ్మంలోంచి.

అత్తగారు ఉలిక్కిపడింది. "నేనేమన్నానే? బియ్యం లెక్కపెట్టుకుంటున్నాను." కాసేపాగి, తల తిప్పకుండానే, "ఏమిటా రెండోది?" అంది.

*

ఆదివారం పదకొండుకు ఫోను మోగింది. బావగారు అలవాటు ప్రకారం ఎత్తి, అలవాటు ప్రకారం తల్లి చేతికిచ్చాడు. కోడలు గుమ్మం దగ్గర తన చోటులోనే ఉంది. గళ్ళ కాగితం ఎవరి జేబులోనూ కనిపించలేదు. అత్తగారు ఫోను చెవికి ఆనించుకుంది.

"నాన్నా, అమ్మను. నేను తిన్నాను" అంది అత్తగారు. "నిన్ను అడగను. తింటే తిన్నానను, తినకపోతే తినలేదను. విని నేనేం చచ్చిపోను, గట్టిదాన్నే. ఇదిగో, నీ పెళ్ళాం."

ఫోను కోడలి చేతిలో పెట్టి, మిగతావాళ్ళవైపు తిరిగింది. "పదండి, పదండి. ఇక్కడేం సినిమా ఆడుతోందా? అల్లుడుగారూ, మీరు కూడాను." కోళ్ళను తోలినట్టు అందరినీ వసారాలోకి తోలి, తలుపు దగ్గరికి లాగి, బయట గొళ్ళెం పెట్టింది.

గది ఒక్కసారిగా పెద్దదైపోయింది.

"ఏమండీ."

"ఆ."

ఇద్దరూ ఆగారు. తెగడం కోసం అలవాటుగా ఎదురుచూశారు. తెగలేదు.

"తెగలేదే" అన్నాడు ఆయన ఆశ్చర్యంగా.

"తెగదు. ఇంకా తొమ్మిది నిమిషాలుంది."

"అందరూ ఏరీ?"

"బయట. అత్తయ్య గొళ్ళెం పెట్టారు."

"ఎవరికి? నీకా, వాళ్ళకా?"

"మీకు తోడుగా నాకే."

అటువైపు చిన్న నవ్వు లాంటిది వచ్చింది. చాలాకాలం తియ్యని తలుపు కదిలినట్టు. "పద్నాలుగు రోజులుగా అనుకుంటూనే ఉన్నానే, ఇది చెప్పాలి, అది చెప్పాలి అని. ఇప్పుడు ఒక్క ముక్క గుర్తు లేదు."

"పోనివ్వండి. మీ కింది మంచం అన్నయ్యకు అంతా కంఠతా వచ్చట."

"వచ్చాడా? చెప్పేశాడా?"

"చెప్పబోతే వద్దన్నాను."

"మంచి పని చేశావ్. అందులో సగం అబద్ధాలే."

మళ్ళీ మౌనం. ఆ మౌనాన్ని పాడు చేయకూడదని ఆమెకు తోచింది. పోట్లాడడానికి తెచ్చుకున్న మాటలు, బతిమాలడానికి తెచ్చుకున్న మాటలు చేతిలోనే ఉన్నాయి. ఏ ఒక్కటీ తియ్యలేదు.

"సరే డాక్టరమ్మా" అన్నాడు ఆయన. మొక్కలకు కట్లు కడుతుందని పెళ్ళయిన కొత్తలో ఆయన పెట్టిన పేరది. "ఈ వారం ఎన్ని కట్లు కట్టావ్?"

"ఏడువందల పైనే. కిందటి నెలవి ఇప్పుడు చూస్తున్నాను, పట్టాయా లేదా అని."

"ఎలా తెలుస్తుంది?"

"కన్ను పక్కన ఆకు తొడిమ ఒకటి వదిలేస్తాం కదండీ. వేలితో ఊరికే ముట్టుకోవాలి. ముట్టుకోగానే రాలిపోయిందంటే లోపల బతికి ఉన్నట్టు. ఎండిపోయి కూడా గట్టిగా పట్టుకుని వేలాడుతోందంటే, ఇక అది..." మాట పూర్తి చేయలేదు. "రాలిపోవాలండీ. రాలితేనే మంచిది."

అటునుంచి ఊపిరి వినిపించింది. లోపలికి, బయటికి. ఆమె గోడ గడియారం చూడలేదు.

"నేను బాగాలేనే" అన్నాడు ఆయన.

"తెలుసండీ."

"కళ్ళు మూస్తే ఆ గొలుసు తెగిన చప్పుడు. తెరిస్తే పైకప్పు. నిద్ర లేదు. అన్నం ముందు కూర్చుంటే గొంతు దిగదు. అందరికీ బాగున్నానని చెప్పి వస్తాను, వచ్చాక నేనెవరో నాకే తెలియనట్టుంటుంది. పిచ్చెక్కుతోందేమోనని భయం. ఎవరితో చెప్పను? వాళ్ళ భాషలో నాకు వచ్చినవి ఎత్తు, దించు, ఆపు, అంతేగా. వాటితో ఇదెలా చెప్పను?"

"నాతో చెప్పండి."

చెప్పాడు. నాలుగు నిమిషాలు ఆయనే చెప్పాడు. ఆమె ఏడవకండి అనలేదు, అన్నీ సర్దుకుంటాయి అనలేదు. మధ్యమధ్య "ఊ" అంది. చీరకు తుడిచిన చెయ్యి తడిగా ఉందని కాసేపటికి గమనించింది. అది మట్టి చెమ్మ కాదు.

"ఇదంతా ఆ డాక్టరుకు చెప్పాలి మీరు. మన భాష వచ్చిన మనిషిని పెట్టి. అడిగితే ఇవ్వాలని రూలుంది. మీరే అడగాలి."

"అది పిచ్చివాళ్ళ డాక్టరే."

"నేను రోజూ కడుతున్నది పిచ్చి మొక్కలకా? గాటు పడ్డచోట కట్టు కడతారు. అంతే." ఊపిరి తీసుకుని, ఆ నాలుగు మాటలూ అంది.

అటువైపు ఆయన నవ్వాడు. ఈసారి తలుపు బార్లా తెరుచుకుంది. "ఎవరు నేర్పారే నీకు? నువ్వన్నట్టు అంటే వాళ్ళు నాకు సబ్బిచ్చి పంపిస్తారు."

"అయితే మీరు సరిగా అనండి. ఇప్పుడే. నేను వినాలి."

అన్నాడు. ఇంకోసారి అనమంది, ఇంకోసారి అన్నాడు. రేపు పొద్దున ఖైదీలను లెక్కకు నిలబెట్టినప్పుడు అంటానన్నాడు. అన్నం? అని ఆమె అడగలేదు. "నువ్వు తిన్నావా?" అని ఆయనే అడిగాడు. ఆమె పొద్దున ఏం తిన్నదో, ఎంత తిన్నదో, చిన్నది పంటిసందులోంచి పాలు ఎలా చిమ్మిందో సవివరంగా చెప్పింది. ఆ ప్రశ్నకు అంత పూర్తి జవాబు ఆ ఫోను ఏనాడూ వినలేదు.

సరిగ్గా అప్పుడు కిటికీ అవతల నుంచి ఆ నాలుగు మాటలూ, తప్పు లేకుండా, వరసగా, సముద్రం దాటేంత గట్టిగా వినిపించాయి.

"మేనత్తేనా?" అన్నాడు ఆయన.

"ఆవిడే. మొత్తం ఇంటికి వచ్చేసింది."

ఆయన పగలబడి నవ్వుతుండగా లైను తెగింది.

గొళ్ళెం తియ్యగానే ఏడుగురూ ఒకేసారి గుమ్మంలో ఇరుక్కున్నారు. అత్తగారు అందరికంటే ముందుంది. "ఎలా ఉన్నాడే?"

కోడలి కళ్ళ కింద తడి ఆరలేదు. ముఖం మాత్రం దీపం పెట్టినట్టుంది.

"బాగాలేరటత్తయ్యా" అంది. "చెప్పారు."

అత్తగారు ఆ ముఖంలోకి చూసింది. ఇరవై ఎనిమిది ఫోన్లలో కొడుకు బాగున్నానన్నప్పుడల్లా ఏడ్చిన మనిషి, గోడకు చేరగిలబడి మెల్లగా కిందికి కూర్చుంది.

"హమ్మయ్య" అంది.

*

బుధవారం ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, నర్సరీ దారిలో బావగారు వస్తూ కనిపించాడు. పనివేళల్లో పంపుల కొట్టు వదిలి ఆయన ఎక్కడికీ వెళ్ళడు. పైగా నడుస్తున్నాడో పరిగెత్తుతున్నాడో తెలియకుండా వస్తున్నాడు. కుడిచెయ్యి ముందుకు చాచి, నిండుగా పాలు పోసిన గ్లాసును పట్టుకున్నట్టు ఫోనును పట్టుకుని ఉన్నాడు.

ఆమె కత్తి కింద పెట్టి లేచి నిలబడింది. ఏ వార్త అన్నది ఆయన ముఖం చూస్తే తెలియలేదు, అంతా చెమటే.

"నీకే" అన్నాడు, ఫోను చాపుతూ.

"మీరు మాట్లాడలేదా?"

"నన్నెవరు అడిగారు? భార్యతో మాట్లాడాలన్నారు." రొప్పుతూ బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు. "కట్ చేస్తే మళ్ళీ చేస్తారో లేదోనని లైన్లో ఉంచే వచ్చాను. కొట్టు దగ్గర్నుంచి. సైకిలెక్కితే ఎక్కడ పడిపోతుందోనని నడిచే వచ్చాను."

కొట్టు అక్కడికి రెండు కిలోమీటర్లు. ఆమె ఫోను చెవికి పెట్టుకుంది.

"హలో, అమ్మా" అంది ఒక ఆడ గొంతు. తెలుగే, పుస్తకంలోంచి చదివినట్టు పట్టిపట్టి పలుకుతున్న తెలుగు. "నేను జైలు ఆసుపత్రి తరఫున మాట్లాడుతున్న దుబాసీని. మీ వారు సోమవారం ఉదయం డాక్టరును అడిగారు. నిన్న గంటన్నర మాట్లాడారు. రాత్రి భోజనం కొంచెం తీసుకున్నారు. ఆయన తన గదిలోనే ఉంటారు, మార్చడం లేదు. ఇకమీదట వారానికోసారి నేనే ఉంటాను. ముందుగా, మీ పక్కన ఉన్న ఆ పెద్దాయనకు మంచినీళ్ళివ్వండి. ఇరవై నిమిషాలుగా ఆయన ఆయాసమే వింటున్నాను."

ఆమె కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చింది. బావగారు గటగట తాగి, ఖాళీ అయిన చేతులతో ఏం చెయ్యాలో తెలియక, బల్ల మీది మంచి కొమ్మను తీసి, అది ఎండిపోకుండా తడి గోనెలో జాగ్రత్తగా చుట్టి పట్టుకున్నాడు.

"ఇప్పుడు చెప్పండమ్మా" అంది ఆ గొంతు. "ఆయనకు ఏది ఇష్టం, ఏది భయం, మామూలుగా ఎలాంటి మనిషి? డాక్టరుగారు తెలుసుకోవాలంటున్నారు. తొందరేం లేదు. ఈ ఫోనుకు పది నిమిషాల నియమం లేదు."

ఆమె బల్ల అంచుకు ఆనుకుని, ఎదురుగా ఉన్న కుండీలో, నెల కిందట కట్టిన మొక్క మీది తొడిమను చూసింది. దాన్ని ఇంకా ముట్టుకోలేదు. తరువాత ముట్టుకోవచ్చు.

"రాసుకోండమ్మా" అంది. "కొంచెం ఎక్కువే ఉంది."